గ్రూపులో రాసిన మాటను దిద్దుకోవడం, తీసేయడం ఎలా: మొదటి నిమిషం నుంచి చివరి మెట్టు దాకా

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో నీళ్ల సంగతులు పెట్టే పని కొన్నాళ్లు నాది. ఒక సోమవారం రాత్రి "పైప్‌లైన్ పని ఉంది, గురువారం నీళ్లు రావు" అని రాశాను. బుధవారం అని రాయాల్సింది. ఆరు నిమిషాల్లో తప్పు చూసుకుని, ఎడిట్ నొక్కి, గురువారాన్ని బుధవారం చేశాను. పని అయిపోయిందనుకుని పడుకున్నాను.

మా వెనక వీధిలో ఒకరింట్లో బుధవారం సీమంతం. వాళ్లు ఆ ఆరు నిమిషాల్లోనే నా మెసేజ్ చదివేశారు. గురువారం కదా, మనకు ఇబ్బంది లేదని ఫోన్ పక్కన పెట్టేశారు. మెసేజ్ ఎడిట్ చేస్తే అవతలివాళ్ల ఫోన్ మళ్లీ మోగదు. బుధవారం పొద్దున నలభై మందికి వంట మొదలుపెట్టాక కొళాయి తిప్పితే చుక్క నీరు లేదు. సాయంత్రం వెళ్లి క్షమించమని అడిగితే ఆ ఇంటి పెద్దావిడ నన్ను కోప్పడలేదు. "చదివాం నాయనా, గురువారమనే ఉంది" అంది, అంతే. గ్రూపు తెరిచి చూస్తే మాత్రం బుధవారమనే ఉంది. అంటే ఆవిడ సరిగ్గానే చదివినా, చూసేవాళ్లకు ఆవిడదే పొరపాటులా కనిపిస్తుంది. నా తప్పు ఆవిడ మీదికి పోయింది. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

అప్పటి నుంచి ఈ విషయాన్ని శ్రద్ధగా పట్టించుకున్నాను. రాసినదాన్ని ఎప్పుడు చడీచప్పుడు లేకుండా దిద్దవచ్చు, ఎప్పుడు చెప్పి దిద్దాలి, ఎప్పుడు ఉంచాలి, ఎప్పుడు తీసేయాలి అన్నది నేను పాటించే వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి మెట్టు: బటన్ నొక్కేముందు, ఎవరు చదివారో చూడండి

తప్పు కనబడగానే చెయ్యి ఎడిట్ మీదికో డిలీట్ మీదికో పోతుంది. ఒక్క పది సెకన్లు ఆగండి. వాట్సాప్ గ్రూపులో మీ మెసేజ్‌ను నొక్కి పట్టుకుంటే ఇన్ఫో అని వస్తుంది. అందులో మెసేజ్ ఎవరికి చేరింది, ఎవరు చదివారు అన్నది పేర్లతో సహా ఉంటుంది. బ్లూ టిక్కులు కనబడకుండా ఆపేసుకున్నవాళ్లు కూడా గ్రూపుల్లో ఈ జాబితాలోకి వస్తారు.

ఎవరూ చదవకపోతే మీ అదృష్టం. తీసేసి మళ్లీ సరిగ్గా రాయండి. కొందరు చదివి ఉంటే కథ మారుతుంది. ఇంకో సంగతి: గ్రూపు తెరవకుండా పైన వచ్చే నోటిఫికేషన్‌లోనే చదివేసినవాళ్లు ఆ జాబితాలో ఉండరు. చిన్న మెసేజ్ అయితే చాలామంది అలాగే చదువుతారు. కాబట్టి తేదీ, సమయం, డబ్బు లాంటి విషయాల్లో మెసేజ్ చేరినవాళ్లందరూ చదివారనే అనుకోండి.

జవాబులు కూడా వచ్చి ఉంటే ఇక ఆ మాట మీ ఒక్కరిదే కాదు. మీ మాట మీద ఇంకొకరు తమ మాట కట్టారు. కింది రాయి లాగేస్తే పైది పడిపోతుంది. ఈ మార్గదర్శిలో నేను చెప్పదలచుకున్నదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

రెండో మెట్టు: ఎలాంటి మార్పో తేల్చుకోండి

అక్షరదోషం అయితే ఏ మొహమాటం లేకుండా దిద్దేయండి. "సమావెశం" అన్నది "సమావేశం" అయితే ఎవరికీ నష్టం లేదు. అయితే కొన్ని అక్షరదోషాలు పైకి చిన్నవిగా కనిపించినా లోపల పెద్దవి. ఫోన్ నంబర్‌లో ఒక అంకె, బ్యాంకు ఖాతాలో ఒక అంకె, మందు మోతాదులో ఒక చుక్క, "వస్తారు"కు బదులు "రారు". వీటిని కింద చెప్పే రెండో రకంలో వేసుకోండి.

రెండో రకం, సమాచారం తప్పవడం. దీనికి రెండు పనులు చేయాలి, ఒకటి చేసి వదిలేయకూడదు. అసలు మెసేజ్‌ను దిద్దండి, ఎందుకంటే ఇకపై చదివేవాళ్లకు సరైనది కనబడాలి. ఆ వెంటనే కొత్త మెసేజ్ ఒకటి పెట్టండి, ఎందుకంటే ఇప్పటికే చదివినవాళ్లకు తెలియాలి. ఆ కొత్త మెసేజ్ పాత మెసేజ్‌కు జవాబుగా పెడితే ఇంకా మంచిది. నేను ఇప్పుడు ఇలా రాస్తున్నాను:

"సవరణ: నీళ్లు రానిది బుధవారం, గురువారం కాదు. రాత్రి 9:10కి నేను తప్పుగా గురువారం అని రాశాను. అది చదివినవాళ్లు పక్కింటివాళ్లకు కూడా చెప్పండి."

ఇందులో మొదటి మాట "సవరణ" కావాలి, ఎందుకంటే నోటిఫికేషన్‌లో కనబడేది మొదటి రెండు మూడు మాటలే. పాత తప్పేమిటో కూడా రాయాలి. "తేదీ మారింది, గమనించండి" అని రాస్తే పైప్‌లైన్ పని చేసేవాళ్లే రోజు మార్చుకుని ఉంటారని అనుకుంటారు. తప్పు మీదని చెప్పకపోతే, తప్పుగా చదివామేమోనని వాళ్లు తమనే అనుమానించుకుంటారు.

మూడో రకం, అభిప్రాయం మారడం. ఇక్కడే గొడవలు ఎక్కువ పుడతాయి. వినాయక చవితి చందా ఇంటికి రెండు వేలు పెడదామని మీరు రాశారనుకోండి. పదిమంది "అంత కష్టం" అన్నారు. మీరు వాళ్ల మాట విని, పాత మెసేజ్‌లోనే రెండు వేలను వెయ్యి చేశారు. మీ ఉద్దేశం మంచిదే. కానీ గంట తర్వాత గ్రూపు తెరిచినవాళ్లకు, వెయ్యి రూపాయలకే పదిమంది గోల చేస్తున్నట్టు కనిపిస్తుంది. వాళ్ల పరువు తీసినట్టవుతుంది.

జవాబు వచ్చాక అభిప్రాయం మారితే, పాతది చెరపకుండా కొట్టివేత గీత పెట్టండి. వాట్సాప్‌లో మాటకు రెండు వైపులా ~ గుర్తు పెడితే ఆ మాట మీద అడ్డగీత పడుతుంది. రెడిట్ అనే చర్చల సైటులో ఆ గుర్తును రెండేసి సార్లు పెట్టాలి. గీత కింద పాత మాట చదవడానికి వీలుగానే ఉంటుంది, పక్కన కొత్తది ఉంటుంది. స్కూల్లో నోట్సులో తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన రాయమనేవారు మా మాస్టారు, పూర్తిగా నల్లగా పులమనిచ్చేవారు కాదు. ఆ పద్ధతే ఇదీ. గీత కొట్టేందుకు గడువు దాటిపోతే "అందరి మాటా విన్నాక నా అభిప్రాయం మార్చుకున్నాను, వెయ్యి చాలు" అని కొత్త మెసేజ్ పెట్టండి. నిజానికి చందా విషయంలో ఇదే మేలు. ఒక మనిషి అందరి ముందూ మనసు మార్చుకున్నాడని తెలిస్తే, తర్వాతి మాటల్లో వేడి తగ్గుతుంది.

నాలుగోది, కొత్త సమాచారం కలపడం. అడుగున "చేర్పు, సాయంత్రం 6 గంటలకు" అని రాసి కలపండి. పైన ఉన్న వాక్యాల మధ్యలో దూర్చవద్దు.

మూడో మెట్టు: ఎక్కడ ఎంత గడువుందో తెలుసుకోండి

ఒక్కో చోట ఒక్కో పద్ధతి. మనవాళ్లు ఎక్కువగా వాడేది వాట్సాప్ కాబట్టి దాని గురించే కాస్త ఎక్కువ చెబుతాను.

వాట్సాప్‌లో మెసేజ్ దిద్దడానికి 15 నిమిషాలు గడువు. 2023 మేలో ఈ సౌకర్యం వచ్చింది. దిద్దిన మెసేజ్ పక్కన ఎడిటెడ్ అని పడుతుంది కానీ ముందు ఏముందో అవతలివాళ్లకు చూపించదు. అందుకే చెప్పకుండా దిద్దితే అనుమానం మిగిలిపోతుంది. అందరి ఫోన్లలోంచీ మెసేజ్ తీసేసే సౌకర్యం 2017లోనే వచ్చింది. అప్పట్లో గడువు 7 నిమిషాలు. తర్వాత గంట పైచిలుకు చేశారు. 2022 ఆగస్టులో రెండు రోజుల మీద 12 గంటలకు పెంచారు. ఆ గడువు దాటితే మీ ఫోన్‌లోంచి మాత్రమే పోతుంది, మిగతావాళ్ల దగ్గర ఉండిపోతుంది. డిలీట్ నొక్కినప్పుడు వచ్చే రెండు మాటలను జాగ్రత్తగా చదవండి. కంగారులో "నాకు మాత్రమే" అన్నది నొక్కేస్తే, మెసేజ్ మీకు కనబడదు కాబట్టి మళ్లీ తీసేసే దారి కూడా మూసుకుపోతుంది. అలా నొక్కితే కొద్ది సెకన్ల పాటు కింద అన్‌డూ అని వస్తుంది, దాన్ని పట్టుకోండి.

టెలిగ్రామ్‌లో మామూలు మెసేజ్‌ను 48 గంటల్లోపు దిద్దవచ్చు. ఇద్దరి మధ్య సంభాషణలో అయితే 2019 నుంచి ఎంత పాత మెసేజ్‌నైనా రెండు వైపులా తీసేయవచ్చు, వాట్సాప్‌లోలా "డిలీట్ చేశారు" అన్న గుర్తు కూడా మిగలదు. నాకు ఈ పద్ధతి పూర్తిగా నచ్చదు. రాత్రి ఉన్న మాట పొద్దునకల్లా ఆనవాలు లేకుండా పోతే, చదివినవాళ్లు తమ జ్ఞాపకాన్నే నమ్మలేని పరిస్థితి వస్తుంది. సిగ్నల్ అనే మెసేజ్ యాప్ దీనికి వ్యతిరేకం. 24 గంటల్లోపు దిద్దవచ్చు, ఎడిటెడ్ అన్నచోట నొక్కితే పాత రూపాలన్నీ అవతలివాళ్లకు కనిపిస్తాయి. నా దృష్టిలో ఇదే న్యాయమైన పద్ధతి. ఫేస్‌బుక్‌లో కూడా పోస్టు, కామెంటు దిద్దితే పాత రూపాల జాబితా చూసుకోవచ్చు.

ఫేస్‌బుక్‌లో ఒక జాగ్రత్త ఉంది. మీ పోస్టు తీసేస్తే దాని కింద జనం రాసినవన్నీ దాంతోపాటే పోతాయి. ఊరి చెరువు చరిత్ర మీద మీరొక పోస్టు పెడితే, కింద పెద్దవాళ్లు తమకు తెలిసింది ముప్పై కామెంట్లలో రాశారనుకోండి. మీ పోస్టులో ఒక తప్పుందని దాన్ని తీసేస్తే ఆ ముప్పై మంది జ్ఞాపకాలూ పోయినట్టే. పోస్టును దిద్దుకోండి, తీసేయవద్దు. తప్పనిసరైతే ముందు ఆ కామెంట్లు ఎక్కడైనా రాసి పెట్టుకోండి. ట్రాష్‌లోకి పంపితే 30 రోజుల దాకా వెనక్కి తెచ్చుకునే వీలుంటుంది.

రెడిట్ ఇందుకు పూర్తిగా భిన్నం. మీరు తీసేసినా కింద జవాబులు అలాగే ఉంటాయి, మీ పేరు ఉన్నచోట, మాట ఉన్నచోట డిలీటెడ్ అని మాత్రమే కనబడుతుంది. శీర్షికను దిద్దడం అసలు కుదరదు, కాబట్టి శీర్షికలో తప్పు పడితే పోస్టు మొదటి వరుసలో చెప్పుకోవాలి. ఎక్స్‌లో (పాత ట్విట్టర్) డబ్బు కట్టినవాళ్లకే దిద్దే సౌకర్యం, అది కూడా కొద్దిసేపే.

ప్రోగ్రామింగ్ చదివే పిల్లలు వాడే ప్రశ్నలు, జవాబుల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడ పోస్టు పెట్టిన మొదటి 5 నిమిషాల్లో దిద్దుకుంటే అది లెక్కలోకి రాదు. ఆ తర్వాత ప్రతి మార్పూ నమోదవుతుంది. మీ ప్రశ్నకు ఎవరైనా ఇచ్చిన జవాబుకు ఓటు పడ్డాక ప్రశ్నను మీరు తీసేయలేరు. అడిగినవాళ్లు ఒప్పుకున్న జవాబును, రాసినవాళ్లు సైతం తీసేయలేరు. పని అయిపోగానే ప్రశ్న చెరిపేసే అలవాటు చాలామంది విద్యార్థులకు ఉంటుంది, మాస్టారు చూస్తారేమోనని. ఎవరో తెలియని మనిషి అరగంట కూర్చుని మీకోసం జవాబు రాశాడు. మీ తర్వాత అదే చిక్కులో పడే వెయ్యి మందికి అది పనికొస్తుంది. అందుకే ఆ నియమం. పైగా అక్కడ రాసేది క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద, అంటే రాసినవాళ్ల పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చన్న షరతు మీద, ఇచ్చేసినట్టే, తిరిగి తీసుకునే వీలు లేదు. 2024 మేలో ఆ సంస్థ, అక్కడి జవాబులను వాడుకోనిచ్చేలా చాట్‌జీపీటీ తయారుచేసే ఓపెన్‌ఏఐతో ఒప్పందం చేసుకున్నప్పుడు, నిరసనగా కొందరు తమ జవాబులను చెరిపేయబోయారు. సంస్థ వాటిని తిరిగి పెట్టి, వాళ్ల ఖాతాలను కొన్నాళ్లు ఆపేసింది. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ రాసే ముందే ఈ షరతు తెలుసుకుని రాయడం తప్ప, తర్వాత చేయగలిగింది తక్కువ.

ఈమెయిల్‌కు ఎడిట్ లేదు. జీమెయిల్ సెట్టింగ్స్‌లో అన్‌డూ సెండ్ అన్నచోట 5 సెకన్లు ఉంటే 30 సెకన్లకు మార్చుకోండి. ఇప్పుడే మార్చుకోండి, ఈ వ్యాసం తర్వాత చదవవచ్చు.

రక్తం కావాలన్న మెసేజ్: దిద్దడానికి వీల్లేని మాట

ఇది విడిగా చెప్పాల్సిన విషయం. "ఓ నెగటివ్ రక్తం అత్యవసరం, ఫలానా ఆసుపత్రి, ఫలానా నంబర్" అన్న మెసేజ్ మన గ్రూపుల్లో ఎన్నిసార్లు చూస్తామో లెక్క లేదు. అవసరం తీరిన నెలల తర్వాత కూడా అది తిరుగుతూనే ఉంటుంది. ఆ నంబర్‌కు ఫోన్లు వస్తూనే ఉంటాయి. కొన్నిసార్లు ఆ రోగి చనిపోయి ఉంటారు, ఆ ఇంట్లోవాళ్లు ఏడుస్తూ ప్రతి ఫోన్‌కూ అదే చెప్పాల్సి వస్తుంది. తప్పిపోయిన పిల్లల ఫొటోలదీ ఇదే కథ. దొరికిన పిల్ల పెద్దదైపోయినా ఫొటో తిరుగుతూనే ఉంటుంది.

ఫార్వర్డ్ అయిన కాపీ మీ చేతిలో ఉండదు. మీరు మీ మెసేజ్‌ను దిద్దినా, తీసేసినా, వేరే గ్రూపులోకి వెళ్లింది మారదు. అందుకని ఇలాంటి మెసేజ్‌లో దిద్దుబాటును ముందే రాసిపెట్టాలి. మొదటి వరుసలోనే తేదీ, నెల, సంవత్సరం, సమయం రాయండి. "ఈ రోజు" అని రాయవద్దు, ఫార్వర్డ్ అయిన ప్రతి రోజూ అది ఈ రోజే అవుతుంది. దాని కిందే "ఫలానా తేదీ రాత్రి 8 తర్వాత ఫార్వర్డ్ చేయవద్దు" అని రాయండి. అవసరం తీరగానే మీరు పెట్టిన ప్రతి గ్రూపులోనూ పాత మెసేజ్‌ను తీసేసి, "రక్తం దొరికింది, అందరికీ కృతజ్ఞతలు, ఇక ఫార్వర్డ్ చేయవద్దు, మీరు పంపిన గ్రూపుల్లో కూడా చెప్పండి" అని పెట్టండి. మెసేజ్ ఏయే గ్రూపుల్లో పెట్టారో ఒక కాగితం మీద రాసుకుంటే ఈ పని ఐదు నిమిషాల్లో అవుతుంది. ఆసుపత్రి టెన్షన్‌లో ఉన్నవాళ్లకు ఇది గుర్తుండదు, కాబట్టి మెసేజ్ పెట్టే బాధ్యత రోగి బంధువుల మీద వేయకుండా ఒక స్నేహితుడు తీసుకుంటే మంచిది.

నాలుగో మెట్టు: తీసేయాల్సిందేనా?

దిద్దుకోవడం కుదిరేచోట తీసేయవద్దన్నది నా పద్ధతి. కానీ వెనకాముందు చూడకుండా తీసేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆధార్ నంబర్, ఓటీపీ, బ్యాంకు వివరాలు, ఇంటి చిరునామా, ఇంకొకరి వైద్య విషయాలు, పిల్లల ఫొటోలు, ఒక గ్రూపులో పెట్టబోయి ఇంకో గ్రూపులో పెట్టినవి, కోపంలో ఒక మనిషి గురించి రాసినవి. వీటిలో జవాబులు వచ్చాయా లేదా అని చూడనక్కర్లేదు. ఆలస్యం అయ్యే కొద్దీ నష్టం పెరుగుతుంది.

తీసేశాక మూడు పనులు మిగిలి ఉంటాయి. మొదటిది, మీ మాటను కోట్ చేసి ఎవరైనా జవాబిచ్చి ఉంటే ఆ కోట్‌లో మీ మాట మిగిలిపోవచ్చు. ఆ మనిషికి విడిగా మెసేజ్ చేసి, తీసేయమని మర్యాదగా అడగండి. రెండోది, ఫొటో అయితే చాలామంది ఫోన్లలో దానంతటదే గ్యాలరీలోకి దిగిపోయి ఉంటుంది. ఆండ్రాయిడ్ 11 నుంచి ఫోన్లలో నోటిఫికేషన్ల చరిత్ర ఆన్ చేసుకుంటే గత 24 గంటల నోటిఫికేషన్లు అక్కడ కనబడతాయి, మీరు తీసేసిన మాట కూడా అందులో ఉండొచ్చు. కాబట్టి ఓటీపీ, పాస్‌వర్డ్ లాంటివి బయటపడితే మెసేజ్ తీసేయడంతో ఆగకండి, వెంటనే పాస్‌వర్డ్ మార్చండి. మూడోది, గ్రూపులో ఒక వాక్యం రాయండి: "ఇప్పుడు తీసేసింది నేను వేరే గ్రూపులో పెట్టాల్సింది, పొరపాటున ఇక్కడ పడింది." ఇలా చెప్పకపోతే "డిలీట్ చేశారు" అన్న ఆ ఒక్క గుర్తు చుట్టూ ఊహలు అల్లుకుంటారు. అసలు మెసేజ్ కన్నా ఆ ఊహలే ఎక్కువ చెరుపు చేస్తాయి.

ఒకరిని నొప్పించే మాట రాసి తీసేస్తే, తీసేయడం క్షమాపణ కాదు. వాళ్లు చదివారు. "మీ గురించి నేను రాసింది తప్పు, అందుకే తీసేశాను" అని అదే గ్రూపులో, అదే మంది ముందు చెప్పండి.

తీసేయకూడని సందర్భం కూడా ఒకటి ఉంది. పోలీసు ఫిర్యాదు గానీ కోర్టు వ్యవహారం గానీ నడుస్తుంటే, మీది గానీ ఎదుటివాళ్లది గానీ ఏ మెసేజ్‌నూ చెరపవద్దు. సాక్ష్యాన్ని మాయం చేయడమే ఒక నేరం కిందికి వస్తుంది. ఎవరైనా మిమ్మల్ని బెదిరిస్తూ రాస్తే, రిపోర్ట్ చేసేముందు పేరు, నంబర్, తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. ముందు రిపోర్ట్ చేసి, ఆ మెసేజ్ మాయమయ్యాక ఆధారం లేక ఇబ్బంది పడినవాళ్లను చూశాను.

ఖాతానే మూసేయాలనుకుంటే వరుస ముఖ్యం. రెడిట్ లాంటి చోట్ల ఖాతా మూసేస్తే పేరు పోతుంది, రాసినవి ఉండిపోతాయి, ఆ తర్వాత వాటిని తీసేసే తాళంచెవి మీ దగ్గర ఉండదు. ముందు తీసేయాల్సినవి తీసేసి, ఖాతాను చివర మూయండి.

వికీపీడియాలో రాసేవాళ్లకు

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచి ఉంది. అక్కడ దిద్దుబాటు అన్నది పొరపాటుకు మందు కాదు, రోజువారీ పని. ప్రతి పేజీకీ ఒక చరిత్ర ఉంటుంది. ఏ వాడుకరి ఏ నిమిషంలో ఏ అక్షరం మార్చారో అందులో తెలుస్తుంది, ఎవరైనా చూడవచ్చు. అందుకే వ్యాసంలో ధైర్యంగా దిద్దవచ్చు, తప్పయితే వెనక్కి తిప్పుతారు. దిద్దేటప్పుడు సారాంశం పెట్టెలో ఎందుకు మార్చారో నాలుగు మాటలు రాయండి. "జనన సంవత్సరం సరిచేశాను, మూలం చేర్చాను" అంటే చాలు. ఖాళీగా వదిలేసిన దిద్దుబాటును చూస్తే నిర్వాహకులకు అనుమానం రావడం సహజం.

చర్చా పేజీల్లో, వాడుకరులందరూ కలిసి మాట్లాడుకునే రచ్చబండ పేజీలో మాత్రం పద్ధతి వేరు. అక్కడ రాసేది వ్యాసం కాదు, మీ సంతకంతో ఉన్న మీ మాట. ఎవరూ జవాబివ్వకముందు దిద్దుకోవచ్చు. జవాబు వచ్చాక మాత్రం పాత మాటకు కొట్టివేత గీత పెట్టి, కొత్త మాట పక్కన రాసి, మళ్లీ సంతకం చేయాలి. ఇంకొకరి మాటను, అక్షరదోషమైనా సరే, మనం దిద్దకూడదు. రచ్చబండ అన్న పేరు ఎంత సరిగ్గా పెట్టారో నాకు ఇక్కడే అనిపిస్తుంది. ఊళ్లో రచ్చబండ మీద ఒకరు అన్న మాటను పక్కవాళ్లు మార్చి చెబితే ఊరుకుంటారా?

పొరపాటున ఫోన్ నంబర్ రాసేశారనుకోండి. దాన్ని పేజీలోంచి తీసేస్తే సరిపోదు, చరిత్రలో అది అలాగే ఉంటుంది. నంబర్ ఉన్న ఆ పాత కూర్పును దాచమని నిర్వాహకులను అడగాలి. ఈ కోరికను రచ్చబండలో పెట్టవద్దు, పెడితే చూడనివాళ్లు కూడా వెళ్లి చూస్తారు. నిర్వాహకులకు ఈమెయిల్ చేయండి. వాళ్లకు కూడా కనబడకుండా దాచే అధికారం ఇంకో అంచెలో ఉంది, అవసరమైతే అక్కడికి పంపుతారు. వికీపీడియాలో ఖాతాను తీసేయడం ఉండదు, పేరు మార్చుకోవడం వరకే కుదురుతుంది.

ఐదో మెట్టు: మీరు తీసేసినా మిగిలినవాటి వెంట

అందరికీ కనబడే చోట రాసింది తీసేసినా గూగుల్ వెతుకులాటలో కొన్నాళ్లు కనబడవచ్చు. పేజీలో లేనిది ఫలితాల్లో కనబడితే, పాతబడిన సమాచారాన్ని తొలగించమని అడిగే పేజీ గూగుల్‌కు ఉంది. ఆ లింకు అక్కడ ఇస్తే చాలు. వెబ్ పేజీల పాత నకళ్లు దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో కూడా మీ పాత పేజీ లింకు వేసి వెతకండి, ఉంటే ఎందుకు తీసేయాలో చెబుతూ వాళ్లకు ఈమెయిల్ చేయవచ్చు.

మీ గురించి ఇంకొకరు రాసింది అయితే, ముందు రాసినవాళ్లను అడగండి. తర్వాత రిపోర్ట్ బటన్. అదీ పని చేయకపోతే, 2021 ఐటీ నిబంధనల ప్రకారం ప్రతి వేదికా తన ఫిర్యాదుల అధికారి పేరు, సంప్రదించే దారి బయటకు చెప్పాలి. ఆ అధికారికి లింకులు, తేదీలతో రాయండి. అక్కడి జవాబు న్యాయంగా లేదనిపిస్తే అప్పీలు కమిటీలు కూడా ఉన్నాయి. నగ్న చిత్రాలు, మార్ఫింగ్ చేసిన ఫొటోలు అయితే ఎదురుచూడవద్దు. బాధితులు ఫిర్యాదు చేసిన 24 గంటల్లో తీసేయాలని 2021 నాటి ఆ నిబంధనల్లోనే పెట్టారు. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో కూడా అదే రోజు ఫిర్యాదు నమోదు చేయండి. ఇంట్లో ఆడపిల్లకు ఇలాంటిది జరిగితే ముందు ఆమెను తిట్టకుండా పక్కన కూర్చుని ఈ పనులు చేసిపెట్టండి.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, మన వివరాలను సరిచేయమని, చెరిపేయమని అడిగే హక్కును మన దేశంలో చట్టంలో పెట్టింది, అది దశలవారీగా అమల్లోకి వస్తుంది. జర్మనీలో, ఐర్లాండ్‌లో ఉంటున్న మనవాళ్లకు 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న యూరప్ చట్టం 17వ అధికరణం ఇలాంటి హక్కే ఇస్తుంది. అయితే భావప్రకటన స్వేచ్ఛ, కోర్టు అవసరాలు లాంటి మినహాయింపులు అందులో ఉన్నాయి.

ఆరో మెట్టు: గ్రూపు నడిపేది మీరే అయితే

అడ్మిన్‌కు ఇంకొకరి మాటను తీసేసే అధికారం వాట్సాప్‌లో 2022 నుంచి ఉంది, దిద్దే అధికారం లేదు. అలా ఉండడమే సరైనది. 2016 నవంబరులో రెడిట్ ముఖ్య కార్యనిర్వాహకుడు స్టీవ్ హఫ్మన్, తనను తిడుతూ రాసిన కామెంట్లలో తన పేరు తీసి, ఆ గ్రూపు నడిపేవాళ్ల పేర్లు పెట్టాడు. తర్వాత ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు. మార్చింది కొన్ని కామెంట్లే. కానీ నా పేరు కింద ఉన్న మాట నిజంగా నాదేనా అన్న అనుమానం ఒకసారి మొదలైతే, ఆ గ్రూపులో ఎవరి మాటకూ విలువ ఉండదు.

తీసేసేటప్పుడు అడ్మిన్ తీసేశారని అందరికీ కనిపిస్తుంది. అందుకని తీసేసిన వెంటనే ఆ సభ్యుడికి విడిగా కారణం చెప్పండి, గ్రూపులో ఏ నియమం కింద తీశారో ఒక్క వాక్యం రాయండి. మాట ఏమిటో మళ్లీ రాయవద్దు. మీ మీద విమర్శ అయితే మీరు తీయకండి, ఇంకో అడ్మిన్‌ను చూడమనండి. అడ్మిన్ ఒక్కరే ఉంటే ఈ రోజే ఇంకొకరిని చేయండి.

నియమాలు గొడవ వచ్చాక రాస్తే ఎవరో ఒకరి మీద రాసినట్టే ఉంటుంది. ముందే రాసి గ్రూపు వివరణలో పెట్టాలి. మా కాలనీ గ్రూపులో ఇప్పుడున్నది ఇది, కావాలంటే మీ గ్రూపుకు తగ్గట్టు మార్చి వాడుకోండి:

"అక్షరదోషాలు ఎవరికి వారు దిద్దుకోవచ్చు. తేదీ, సమయం, డబ్బు, ఫోన్ నంబర్ మారితే దిద్దడంతో పాటు 'సవరణ' అన్న మాటతో కొత్త మెసేజ్ పెట్టాలి. జవాబులు వచ్చిన మాటను మార్చవద్దు, గీత కొట్టి పక్కన రాయండి. ఎవరి ఆధార్, బ్యాంకు, వైద్య వివరాలు, పిల్లల ఫొటోలు అనుమతి లేకుండా వచ్చినా అడ్మిన్లు అడగకుండానే తీసేస్తారు, కారణం చెబుతారు. ఒకరి మాటల స్క్రీన్‌షాట్ వాళ్లను అడగకుండా బయటి గ్రూపులకు పంపవద్దు. రక్తం, తప్పిపోయినవాళ్లు, సాయం మెసేజ్‌లకు తేదీ లేకపోతే అడ్మిన్లు తీసేసి, తేదీతో మళ్లీ పెట్టమంటారు. నీళ్లు, కరెంటు సంగతులు సవరిస్తే, ముందు రోజు రాత్రి 8 లోపు ఆ వీధిలో ఫంక్షన్ ఉన్న ఇళ్లకు ఫోన్ చేసి చెప్పాలి."

చివరి నియమం సీమంతం ఇంటి పెద్దావిడ రాయించింది.